బేస్‌మెంట్‌లో కంప్యూటర్ డ్రా

ఆదివారం పొద్దున్నే సొసైటీలో ఇంతమంది స్నానాలు చేసి కిందకి రావడం కిరీటి ఎప్పుడూ చూళ్ళేదు. రిపబ్లిక్ డేకి జెండా ఎగరేసినప్పుడు కూడా సగం మంది నైట్ ప్యాంట్లతో బాల్కనీల్లోంచే దేశభక్తి కానిచ్చేశారు. కానీ ఇది పార్కింగ్ డ్రా. బేస్‌మెంట్లో ఎవరి కారు ఎక్కడ పెట్టుకోవాలో ఇవాళ తేలితే, ఇక ఫ్లాటు అమ్ముకునేదాకా అదే.

కమ్యూనిటీ హాల్లో సమోసాలు చల్లారిపోతున్నాయి. ప్రెసిడెంటు త్యాగీ మైకు తీసుకుని, "కంప్యూటర్ కిసీ కా రిష్తేదార్ నహీ హోతా," అన్నాడు. కంప్యూటర్ ఎవరికీ చుట్టం కాదట. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్ళలో సగం మంది ఆ వారమంతా కిరీటికి చుట్టాలవుదామని చూసినవాళ్ళే. ఒకాయన కాజూ కత్లీ కూడా పంపించాడు. కిరీటి భార్య కల్పన పెట్టె తిప్పి పంపింది, ఖాళీ చేశాక.

ప్రోగ్రాం రాసింది కిరీటి. నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆ సంగతి బయటపడ్డ రోజు నుంచీ సొసైటీలో వైరున్న ప్రతి వస్తువుకీ అతనే బాధ్యుడు. ఈసారి పని చిన్నదే. కార్లున్నవాళ్ళ పేర్లని పేకముక్కల్లా కలిపేసి, లిఫ్టు పక్క స్లాటుతో మొదలెట్టి, బేస్‌మెంట్ ఆ చివర ఎస్‌టీపీ దాకా వరసగా పంచడం. ఎస్‌టీపీ అంటే సొసైటీ మురుగునీళ్ళని శుద్ధి చేసే మోటార్ల గది. అక్కడ నేల ఎప్పుడూ తడే. వాసన గురించి బిల్డర్ బ్రోషర్‌లో వెయ్యలేదు.

హాలు ప్రొజెక్టరుకి కిరీటి లాప్‌టాప్ నచ్చలేదు. త్యాగీది నచ్చింది. కిరీటి తన పెన్‌డ్రైవ్ దానికి గుచ్చి, ప్రోగ్రాం తెరిచి, ఎంటర్ నొక్కాడు.

లిఫ్టు పక్క స్లాటు త్యాగీకి వచ్చింది. చప్పట్లు. దాని పక్కది సెక్రటరీకి. చప్పట్లు. ఆ పక్కది ట్రెజరర్‌కి. ఈసారి చప్పట్లు ముందు వరసలోనే ఆగిపోయాయి. నాలుగో పేరు కిరీటిది. కల్పన కుర్చీలోంచి సగం లేచి బొటనవేలు చూపించింది. ఇంకెవరూ ఏమీ చూపించలేదు.

పేర్లు దిగుతున్నకొద్దీ హాలు చల్లబడింది. అన్నిటికంటే కింద, ఎస్‌టీపీ గోడనానుకుని ఉన్న స్లాటు ఎదురుగా, సుభాషిణి పేరుంది.

ఆవిడ లేచింది. భర్త సదాశివరావు ఆర్మీలో సుబేదార్‌గా చేసి రిటైరయ్యాడు. పోయినేడు పక్షవాతం వచ్చి తేరుకున్నాక నాలుగు కాళ్ళ కర్రతో నడుస్తున్నాడు. కారు ఆవిడే తోలుతుంది.

"భాయ్ సాబ్, ఏక్ బార్ ఔర్ దబాయియే," అంది సుభాషిణి. ఇంకోసారి నొక్కండి అని. "ఫలితం మార్చమనట్లేదు. ఊరికే చూద్దామని."

"మేడమ్‌జీ, డ్రా అంటే షాదీ లాంటిది. ఒక్కసారే," అన్నాడు త్యాగీ. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే లాప్‌టాప్ మూసేశాడు.

ఆవిడ కూర్చుంది. కిరీటికి ఒళ్ళు మండింది. తను రాసిన ప్రోగ్రాం మీద అనుమానం! అతను ఇంకో సమోసా తీసుకున్నాడు.

*

మధ్యాహ్నానికే కల్పన కారు తెప్పించి కొత్త స్లాట్లో పెట్టించింది. టైర్ల కింద నిమ్మకాయలు, బానెట్ ముందు కొబ్బరికాయ. ఫొటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టింది, "అవర్ కవర్డ్ పార్కింగ్, నెక్స్ట్ టు లిఫ్ట్" అని. కాకినాడలో ఉన్న పిన్నిగారు కొత్త ఇల్లు కొన్నారనుకుని దీవించింది. కల్పన సరిదిద్దలేదు.

సోమవారం సాయంత్రం సుభాషిణి వచ్చింది. ఎప్పుడొచ్చినా చేతిలో ఏదో ఒక పచ్చడి సీసా ఉండేది. ఇవాళ రెండు చేతులూ ఖాళీ. అది చూడగానే కల్పన టీవీ సౌండు తగ్గించి, వంటింట్లోకి వెళ్ళి, వినపడే చోట నిలబడింది.

"బాబూ, నాకు కంప్యూటర్ తెలీదు," అంది సుభాషిణి. "కమిటీ అంతా లిఫ్టు పక్కన, నేను మోరీ పక్కన. అదృష్టం ఇంత పద్ధతిగా ఉంటుందా?"

"ఒక్కోసారి అలా వస్తుంది ఆంటీ. కావాలంటే చూడండి."

లాప్‌టాప్ తెరిచి నొక్కాడు. త్యాగీ ఎక్కడో మధ్యలోకి పోయాడు. మళ్ళీ నొక్కాడు. కిరీటి స్వయంగా ఎస్‌టీపీ పక్కకి చేరాడు. వంటింట్లో గరిటె కింద పడింది. ఇంకోసారి నొక్కాడు. ఇంకో వరస.

"కలుపుతోంది కదా," అన్నాడు కిరీటి.

"ఇక్కడ కలుపుతోంది. అక్కడ కలిపిందా?"

"అదే ప్రోగ్రాం ఆంటీ. ఒక్క అక్షరం తేడా లేదు."

"మా ఆయన అనేవారు. ఫైరింగ్ రేంజిలో పేలిన తుపాకీ బోర్డర్లో కూడా పేలుతుందని ఎవరూ రాసివ్వరని." ఆవిడ లేచి చున్నీ సర్దుకుంది. "త్యాగీ మాట నాకక్కర్లేదు. నువ్వు ఆ మెషీన్లోనే చూసి చెప్పు. సరిగ్గా ఉందని నువ్వంటే ఇక నోరెత్తను. ఆయనకీ అదే చెప్తాను."

తలుపేసి వచ్చి కల్పన, "ఆవిడకి ఎస్‌టీపీ రాకపోతే ఇంకెవరికో వచ్చేది. ఎవరికో ఒకళ్ళకి రావాలిగా," అంది.

"వస్తే పర్లేదు."

"మరి?"

కిరీటి లాప్‌టాప్ మూశాడు. అతనికి డ్రాకి ముందు రోజుల రిహార్సల్ గుర్తొచ్చింది. త్యాగీ ఇంట్లో కమిటీ అంతా కూర్చుని, స్క్రీన్ మీద పేర్లు ఎలా పడతాయో చూస్తామన్నారు. నొక్కినప్పుడల్లా ఒక్కో వరస వచ్చింది. ఒకసారి ట్రెజరర్ ఎస్‌టీపీ పక్కన పడ్డాడు. అది రిహార్సలేనని ఎంత చెప్పినా ఆయనకి బీపీ తగ్గలేదు. సెక్రటరీ తనకి మంచి స్లాటు పడ్డప్పుడు ఫొటో తీసుకుని దాచుకున్నాడు. ఈ గొడవ పడలేక కిరీటి అప్పటికప్పుడు మూడు లైన్ల ఫైలొకటి రాసి ప్రోగ్రాం పక్కన పడేశాడు. కలపమంటే కలపకుండా, పేర్లని టైపు చేసిన వరసలోనే వదిలేసే నకిలీ ఫైలు. అసలు కలిపే ఫైలు పేరు రాండమ్ కాబట్టి దీనికీ అదే పేరు పెట్టాడు. పేర్లు టైపు చేసింది త్యాగీ. ముందు తనూ, తన కమిటీ, తర్వాత సాంకేతిక సాయం చేస్తున్నందుకు కిరీటి. చిట్టచివర, వాట్సాప్ గ్రూపులో లిఫ్టు మెయింటెనెన్సు గురించి ప్రశ్నలడిగే సుభాషిణి.

ఇంటికొచ్చాక ఆ నకిలీ ఫైలు తీసేశాడు. అది బాగా గుర్తుంది. తన లాప్‌టాప్‌లోంచి తీసేశాడు. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది తీసెయ్యకముందా, తర్వాతా?

*

పెన్‌డ్రైవ్ ఆదివారం నుంచీ త్యాగీ లాప్‌టాప్‌కే గుచ్చుకుని ఉంది. మంగళవారం ఆఫీసు నుంచి వస్తూనే కిరీటి ఆయన ఫ్లాటు బెల్లు కొట్టాడు. ఫలితాలని నోటీసు బోర్డుకి అందంగా తయారుచేస్తానన్నాడు.

"షాబాష్ బేటా," అన్నాడు త్యాగీ. "పైన నా ఫొటో వస్తే బాగుంటుంది." టీ చెప్పడానికి లోపలికి వెళ్ళాడు.

కిరీటి నల్ల విండో తెరిచాడు. ఇంపోర్ట్ రాండమ్, అంటే రాండమ్‌ని తెమ్మన్నప్పుడు, ఏ ఫైలు తెచ్చావో, ఎక్కడి నుంచి తెచ్చావో చెప్పమని ప్రోగ్రాం చివర ఒక లైను చేర్చి నడిపాడు.

పేర్లన్నీ పడ్డాయి. త్యాగీ, సెక్రటరీ, ట్రెజరర్, కిరీటి. కింద సుభాషిణి. ఆ కింద ఒక అడ్రసు. ఆ ప్రోగ్రాం రాసిన భాష పైథాన్‌ది కాదు. పెన్‌డ్రైవ్‌ది.

పైథాన్ ఒక పేరు కోసం వెతకాలంటే దారుల జాబితా పట్టుకుని ఒక్కో ఫోల్డరూ చూసుకుంటూ పోతుంది. జాబితాలో మొట్టమొదటిది ప్రోగ్రాం ఉన్న ఫోల్డరే. ఆ పేరు అక్కడ కనిపించిందా, తీసుకుని వచ్చేస్తుంది. పైథాన్‌తో పాటు వచ్చిన అసలు రాండమ్ వెనకెక్కడో లైబ్రరీ ఫోల్డర్లో కూర్చునే ఉంది. ఆదివారం అంతమంది ముందు దాన్ని ఎవరూ పిలవనే లేదు. ఎర్రర్ రాలేదు. హెచ్చరిక రాలేదు. అంతా సవ్యంగా జరిగినప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

మళ్ళీ నొక్కాడు. అదే వరస. మళ్ళీ. అదే.

"అరే, ఇది మొన్న వచ్చిందే కదా?" వెనక త్యాగీ, చేతిలో టీ కప్పులు. "ప్రతిసారీ అదే వస్తుందా?"

కిరీటి చెప్పాడు. చెబుతుంటే తన గొంతే తనకి ఎవరిదోలా వినిపించింది. కోడ్ గురించి త్యాగీకి ఒక్క ముక్క అర్థం కాలేదు. సంగతి మాత్రం పూర్తిగా అర్థమైంది. టీ కప్పులు కింద పెట్టాడు.

"అంటే తప్పు ఈ ఫైలుది."

"నాది. నేనే పెట్టాను."

"ఏక్ హీ బాత్ హై. రెండూ ఒకటే. ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు. మళ్ళీ డ్రా తియ్యాలి సర్."

త్యాగీ అతని పక్కన సోఫాలో కూర్చున్నాడు, తండ్రిలా. "బేటా, మళ్ళీ తీస్తే జనం ఏమంటారు? కమిటీ కుమ్మక్కయిందంటారు. ఎవడు రాశాడంటారు. నీ పేరొస్తుంది. నీ స్లాటు నాలుగోది. నువ్వు కావాలని చెయ్యలేదని నాకు తెలుసు. వాళ్ళకి ఎలా తెలుస్తుంది?" అంటూ చెయ్యి చాపి మౌస్ తీసుకున్నాడు. ఫైలు మీద పెట్టి, షిఫ్టూ డిలీటూ కలిపి నొక్కాడు. ఆయనకి పీడీఎఫ్ తెరవడం రాదు. ఇది మాత్రం వచ్చు.

"ఇప్పుడు నొక్కు."

కిరీటి నొక్కాడు. పేర్లు కలిశాయి. అడ్రసు మారింది. పైథాన్ సొంత లైబ్రరీది.

"ఇప్పుడు చెప్పు, ఏం గడబిడ ఉంది?" అన్నాడు త్యాగీ. "చాయ్ పీయో."

కిరీటి టీ తాగాడు. మొదటి గుక్కలోనే తేలిగ్గా అనిపించింది. ఆ తేలికకి సిగ్గు కాసేపాగి వచ్చింది. కప్పు అప్పటికే అయిపోయింది.

లిఫ్టు తలుపు తెరుచుకుంటే లోపల సుభాషిణి, సదాశివరావు. కింది నుంచి వస్తున్నారు. ఆయన చెప్పులు, పైజామా అంచులు తడి. ఆవిడ ఒక చేత్తో ఆయన మోచెయ్యి పట్టుకుని, రెండో చేత్తో కర్ర చివరి రబ్బరు తొడుగుల్ని కర్చీఫుతో తుడుస్తోంది, ఒకదాని తర్వాత ఒకటి.

"చూశావా బాబూ?"

"చూశానండీ."

ఆవిడ తుడవడం ఆపింది.

"ఇప్పుడు సరిగ్గానే ఉంది," అన్నాడు కిరీటి.

అందులో అబద్ధం లేదు. ఆ వాక్యాన్ని కోర్టులో కూడా చెప్పుకోవచ్చు. సదాశివరావు మాత్రం సగం పనిచేసే మొహంతో అతన్నే చూస్తున్నాడు. ఆర్మీలో ఎంతమంది జవాన్ల నోట ఎన్ని సంజాయిషీలు విన్నాడో.

"సరే బాబూ. థాంక్స్," అంది సుభాషిణి. లిఫ్టు పైకి వెళ్ళిపోయింది. తనూ పైకే వెళ్ళాలన్న సంగతి కిరీటికి ఆ తర్వాత గుర్తొచ్చింది.

*

"ఫ్రిజ్‌లో కొత్తిమీర ఉంటే బజారుకెళ్ళం కదా," అని కల్పనకి వివరించాడు. "ఇదీ అంతే. ముందు ఇంట్లో చూస్తుంది. పేరు కలిస్తే చాలు, తెచ్చేస్తుంది. వాడిపోయిందా, కుళ్ళిపోయిందా అని చూడదు."

"అచ్చం మీలాగే," అంది కల్పన. తర్వాత చాలాసేపు చపాతీలే ఒత్తింది. చివరికి, "ఆ ఫైలు లేదుగా ఇప్పుడు. అడిగినా ఎవరూ చూపించలేరుగా," అంది.

"లేదు."

"మరి తినండి."

బుధవారం పొద్దున ఆఫీసు క్యాబ్‌లో ఉండగా సొసైటీ గ్రూపులో సుభాషిణి మెసేజి వచ్చింది. 'డ్రాని కిరీటి స్వయంగా చెక్ చేశాడు. సరిగ్గా ఉందన్నాడు. నాకు ఏ అభ్యంతరమూ లేదు. అనుమానించినందుకు కమిటీ వారు క్షమించాలి.'

కింద దణ్ణాల బొమ్మలు వానలా కురిశాయి. సెక్రటరీ 'గ్రేస్‌ఫుల్' అన్నాడు. ట్రెజరర్, సీనియర్ సిటిజన్లు మాట అనేముందు కాస్త ఆలోచించాలని హితవు చెప్పాడు. త్యాగీ 'వన్ ఫ్యామిలీ' అని రాసి, వెంటనే ఇంకోటి పెట్టాడు. స్లాట్ల మీద ఫ్లాటు నంబర్లు రాయడానికి పెయింటర్ రేపే వస్తాడట.

కిరీటి మెసేజి మళ్ళీ చదివాడు. ఆవిడ అన్నమాట నిలబెట్టుకుంది. క్షమాపణ మాత్రం అతను అడగలేదు. అది ఆవిడే పైన కలిపి ఇచ్చింది.

క్యాబ్ ట్రాఫిక్‌లో ఆగింది. టైపు చేశాడు. చెరిపాడు. ముందు 'టెక్నికల్ ఇష్యూ వల్ల' అని మొదలెట్టాడు. ఆఫీసులో రోజూ రాసే మాట. అందులో మనిషి ఉండడు. అదీ చెరిపాడు.

చివరికి ఇలా పంపాడు. 'ఆదివారం డ్రాలో పేర్లు కలవలేదు. రిహార్సల్ కోసం నేను పెట్టిన ఫైలు తియ్యడం మర్చిపోయాను. టైపు చేసిన వరసలోనే స్లాట్లు వచ్చాయి. నిన్న అది చూసి కూడా సుభాషిణి ఆంటీకి పూర్తిగా చెప్పలేదు. తప్పు నాది. డ్రా మళ్ళీ తియ్యాలి.'

ఆ తర్వాత ఫోను వైబ్రేషన్ ఆగలేదు. ఒకాయన పోలీసు కంప్లయింటు ఇద్దామన్నాడు. కాజూ కత్లీ పంపినాయన, ఇతని మీద తనకి మొదటి నుంచీ అనుమానమేనన్నాడు. ఏ పదవిలోనూ లేని కిరీటిని ఇంకొకరు రాజీనామా చెయ్యమన్నారు. త్యాగీ మాత్రం ప్రశాంతంగా రాశాడు. 'నా లాప్‌టాప్‌లో అటువంటి ఫైలు లేదు. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. పని ఒత్తిడిలో పిల్లవాడు కన్ఫ్యూజ్ అయ్యాడు.'

అది నిజమే. ఫైలు లేదు. చూపించడానికి కిరీటి దగ్గర నోరు తప్ప ఏమీ లేదు.

సుభాషిణి ఏమీ రాయలేదు. మెసేజి చూసినట్టు మాత్రం ఉంది.

సాయంత్రం బేస్‌మెంట్లో నాలుగో స్లాటు ఖాళీగా కనిపించింది. కారు గేటు బయట, దుమ్ములో ఉంది. ఇంట్లో కల్పన తాళం టేబుల్ మీద పడేసి, "పెయింటర్ రాకముందే తీసేశాను. మన నంబరు రాసి చెరిపితే ఇంకా అసహ్యంగా ఉంటుంది," అంది. ఆ తర్వాత శనివారం దాకా అతనితో అవసరమైన మాటలే మాట్లాడింది. ఆ ఇంట్లో అవసరమైన మాటలు అంత తక్కువని అతనికి అప్పుడే తెలిసింది.

మళ్ళీ డ్రా తియ్యక తప్పలేదు. కిరీటిని నమ్మి కాదు. మంచి స్లాటు రానివాళ్ళందరికీ ఒక్కసారిగా నీతి గుర్తొచ్చింది. వాళ్ళే ఎక్కువమంది.

*

ఈ ఆదివారం సమోసాలు లేవు. ముందు వరస కుర్చీల్లో ఎవరూ కిరీటి పక్కన కూర్చోలేదు. కల్పన వచ్చింది, రెండు కుర్చీల అవతల.

కంప్యూటర్ వద్దన్నారు చాలామంది. చీటీలు రాసి బకెట్‌లో వేద్దామన్నారు. బకెట్ ఎవరింటిది అన్న దగ్గర చర్చ ఆగింది.

"కంప్యూటరే కానివ్వండి," అంది వెనక నుంచి సుభాషిణి. "ఇతని లాప్‌టాప్‌లోనే. ఇతనే నడపాలి."

"మొన్న మోసపోయింది మీరే కదా మేడమ్‌జీ," అన్నాడు త్యాగీ.

"అందుకే. దాన్ని ఎక్కడ పట్టుకోవాలో ఇప్పుడు ఇతనొక్కడికే తెలుసు."

ఎవరో అడాప్టర్ తెచ్చారు. ప్రొజెక్టరు ఈసారి కిరీటి లాప్‌టాప్‌ని ఒప్పుకుంది. సుభాషిణి ముందుకొచ్చి స్క్రీన్ పక్కన నిలబడింది. "ముందు అదెక్కడి నుంచి తెస్తోందో చూపించు," అంది.

కిరీటి దారుల జాబితా తెర మీద పెట్టాడు. మొదటిది ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్. దాన్ని తెరిచి చూపించాడు. ప్రోగ్రాం, పేర్ల ఫైలు తప్ప ఏమీ లేవు. తర్వాత రాండమ్ అడ్రసు చూపించాడు. పైథాన్ సొంత లైబ్రరీది. హాలంతా ఆ అడ్రసుని, ఎక్స్‌రే చూసే పేషెంట్లలా, చాలా శ్రద్ధగా చూసింది.

"ఇప్పుడు ఊరికే నొక్కు."

నొక్కాడు. ఒక వరస. మళ్ళీ నొక్కమంది. ఇంకో వరస. ట్రెజరర్ ఈసారి కళ్ళు మూసుకున్నాడు.

"ఇక అసలుది," అంది సుభాషిణి.

కిరీటి వేలు ఎంటర్ మీద కాసేపు ఆగింది. ఎవరికి ఏం రావాలని ఉందో మనసులో లేకుండా నొక్కాలనుకున్నాడు. కుదర్లేదు. ఆవిడకి లిఫ్టు పక్కన రావాలనే అనుకుంటూ నొక్కాడు.

లిఫ్టు పక్క స్లాటు, పెళ్ళిచూపులప్పుడు తప్ప గదిలోంచి బయటికి రాని ఒక బ్యాచిలర్‌కి వచ్చింది. అతను హాల్లో కూడా లేడు. త్యాగీ ర్యాంపు మలుపు దగ్గర, వచ్చే ప్రతి కారూ హారన్ కొట్టే చోట పడ్డాడు. కిరీటికి మధ్యలో, స్తంభం అడ్డమున్న స్లాటు. పేర్లు దిగుతున్నాయి. సుభాషిణి పేరు ఇంకా రాలేదు. సగం దాటింది. రాలేదు. ముప్పావు దాటింది. రాలేదు.

చివరి నుంచి రెండోది. ఎస్‌టీపీ గోడ పక్కదానికి ఆ పక్కది. మొన్నటి దానికంటే ఒక్క కారు ఇవతల. పైపు కారేది సరిగ్గా అక్కడే.

హాల్లో ఎక్కడో నవ్వొకటి మొదలై, దగ్గులోకి మారిపోయింది. త్యాగీ రెండు చేతులూ విప్పి, "దేఖా?" అన్నాడు. అందులో బాధ కూడా ఉన్నట్టుంది. వెంటనే మైకు అందుకుని, ఇది మానవత్వానికి సంబంధించిన విషయమని, కావాలంటే కమిటీ తీర్మానం చేసి మేడమ్‌కి దగ్గరలో ఒక స్లాటు ఇప్పిస్తుందని ప్రకటించాడు. ఎవరి స్లాటు ఇప్పిస్తుందో చెప్పలేదు. కుర్చీలన్నీ చిన్నగా కిర్రుమన్నాయి.

సుభాషిణి ఆయన వైపు చూడలేదు. తెర మీద తన పేరు చూసింది. కిరీటి వైపు తిరిగింది.

"ఇది కలిపే వచ్చిందా?"

"కలిపే వచ్చిందండీ."

"సరే అయితే," అంది. పెన్ను అడిగి పుచ్చుకుని అంగీకార పత్రం మీద అందరికంటే ముందు సంతకం పెట్టింది.

కిరీటి బేస్‌మెంట్లోకి ఆవిడ కారు వెనకే నడుస్తూ దిగాడు. ఆగమంటే ఏం చెప్పాలో తెలీక, చెప్పకుండా ఉండనూ లేక. హాలు బయట సదాశివరావుని ఎక్కించుకొచ్చిన కారుని సుభాషిణి ముందు లిఫ్టు దగ్గర ఆపింది. ఆయన్ని దించి, కర్ర చేతికిచ్చి, గోడవారగా నిలబెట్టింది. ఆయన కిరీటిని చూసి, పనిచేసే చేతిని నుదుటి దాకా ఎత్తాడు. సెల్యూటో, చెమట తుడుచుకోవడమో చెప్పడం కష్టం.

"ఆంటీ, తీర్మానం చెయ్యనివ్వండి. అంకుల్‌కి కష్టం కదా."

"ఆయన్ని ఇక్కడ దింపి, నేను వెళ్ళి పెట్టుకొస్తాను. నాకు కాళ్ళున్నాయిగా."

"మరి మొన్న కూడా అలా చెయ్యొచ్చు కదండీ?"

సుభాషిణి కారెక్కి, తలుపేసుకుని, అద్దం దించింది.

"మొన్న నాకు ఇచ్చారు బాబూ. ఇవాళ నాకొచ్చింది."

రివర్స్ వేసింది. కిరీటి అలవాటుగా చెయ్యి ఊపుతూ వెనక్కి రమ్మనబోయాడు.

"తప్పుకో," అంది. తప్పుకున్నాడు. కారు నీళ్ళలోంచి వెనక్కి వెళ్ళి, పైపుకీ స్తంభానికీ మధ్యలోకి ఒక్కసారికే దూరింది.